జెకర్యా పలక

నేను బస్సు కండక్టరుగా పనిచేసిన రోజుల్లో చిలకలూరిపేట స్టాండులో నిలబడి "ఒంగోలు, ఒంగోలు" అని కేక వేస్తే, ఒంగోలు పొలాల్లో మేస్తున్న గిత్తలు తలెత్తి ఇటు చూసేవి.

సరే. గిత్తలు చూడలేదు. స్టాండు వెనక టీకొట్టు దాకా వినపడేది. మా డ్రైవరు అక్కడే కూర్చుని టీ తాగేవాడు కాబట్టి, అంతవరకు వినపడితే నా పని జరిగిపోయేది.

కానీ గొంతు మాత్రం గొంతే. రిటైరయ్యాక దాన్ని తీసుకెళ్లి మా ఊరి క్రైస్తవ సంఘానికి ఇచ్చేశాను. మాది గుంటూరుకీ ఒంగోలుకీ నడుమ, పెద్దరోడ్డు దిగి నల్లరేగడిలోకి పోతే వచ్చే ఊరు. చూసినంత మేర మిరప, మిరప లేనిచోట పత్తి. మా గుడి చిన్నది. మైకు ఉంది గాని కరెంటు ఉంటేనే అది మాట్లాడుతుంది. కరెంటు పోయినప్పుడు నేను మాట్లాడతాను. ఆదివారం వాక్యం చదవడం నా పని. కోత పండుగకి జనం దేవుడికని తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్లూ వేలం పాడటం నా పని. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో అందరికంటే ముందు "క్రీస్తు లేచెను" అని కేక పెట్టడం నా పని. ఆ కేక పడ్డాక జనమంతా ఒక్కసారిగా "నిజముగా లేచెను" అంటారు. ఈ పనుల మీద నాకెంత గర్వమంటే, పరలోకంలో కూడా నాకేదో ఒక రూటు ఇస్తారనే అనుకునేవాణ్ని.

ఆ గొంతు పోయినేడు ఆగమన కాలంలో బొంగురుపోయింది.

క్రిస్మసుకు ముందు వచ్చే ఆ నాలుగు ఆదివారాల్లో వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తాం. మొదటి కొవ్వొత్తినాడు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ముసలి యాజకుడు జెకర్యా కథ చదవమని నాకిచ్చారు. జెకర్యా ధూపం వేయడానికి లోపలికి వెళ్తాడు, దూత కనపడి నీకు కొడుకు పుడతాడంటాడు, ఈ ముసలితనంలోనా అని జెకర్యా అడుగుతాడు, నమ్మలేదు గనక బిడ్డ పుట్టేదాకా నీ నోరు మూతపడుతుందని దూత చెబుతాడు. సరిగ్గా ఆ నోరు మూతపడే చోటికి వచ్చేసరికి నా గొంతు గేరు పడని బస్సులా గరగరలాడి ఆగిపోయింది. జనం నవ్వారు. నేను చదువుతూ అభినయం కూడా చేస్తున్నానని అనుకున్నారు.

ఆరాధన అయ్యాక మా బావ పట్టుకున్నాడు. మా ఆవిడకి అన్న, నాకు ఈడువాడు, చిన్నప్పట్నించీ నా మాటల్లో సగం తీసేసి వినడం అలవాటున్నవాడు.

"ఏరా బావా, దూత నిన్ను కూడా పట్టుకున్నాడా?"

"మిరప ఘాటురా. గొంతులో దిగింది."

"కాయ ఇంకా చెట్టు మీద పచ్చగా ఉందిరా. కల్లాల్లోకి రానిదే ఘాటెక్కడిది?"

"పోయినేడాది ఘాటు," అన్నాను. నేనెంత గట్టి మనిషినైనా ఆ మాట నాకే తేలిగ్గా వినపడింది.

ఆ కథలో నాకెప్పుడూ ఒక కొరుకుడు పడని సంగతి ఉండేది. యేసు పుడతాడని దూత చెప్పినప్పుడు, జెకర్యా అడిగిన ప్రశ్నే కొంచెం అటూఇటూగా మరియ కూడా అడిగింది. ఆమెకు జవాబు దొరికింది, ఈయనకి నోరు పోయింది. ఇదేం న్యాయం? ఇంటికొచ్చాక మా ఆవిణ్ని అడిగాను. ఆవిడ చేటలో కందిపప్పు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆయన్ని శిక్షించాడని ఎవరన్నారు? ఆయన భార్య ఎలీసబెతు ముసలితనంలో కడుపుతో ఉంది. ఆ తొమ్మిది నెలలూ ఆమెకి ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుందని దేవుడు చేశాడు."

నా ముప్పయ్యేళ్ల వాక్యపరిశీలనలో అంతటి వ్యాఖ్యానం నేను వినలేదు. ముప్పయ్యేళ్లు అన్నాను గాని, పరిశీలన మాత్రం ఆదివారం పొద్దున బొత్తాలు పెట్టుకుంటూ చేసిందే.

క్రిస్మసు వచ్చింది. పాటలకు ఇల్లిల్లూ తిరిగినప్పుడు నా గొంతే అందరికంటే పైన వినపడిందని ఊళ్లో చెప్పుకున్నాను. నిజానికి పెదవులు కదిపాను. అంతే. ఆ పండుగ వాక్యంలో రెండు రకాల మనుషులుంటారు. గొర్రెల కాపరులు చూసింది చూసినట్టు ఊరంతా చాటుతారు. మరియ అవన్నీ మనసులో పెట్టుకుని ఊరుకుంటుంది. నేను పుట్టుకతో కాపరుల పార్టీ. మా ఆవిడ మరియ పార్టీ. నా గొంతు మారిన సంగతి నాకంటే ముందు కనిపెట్టి, రోజూ వింటూ, లోపల దాచుకుంటూ, ఏమీ అనకుండా ఉంది. జనవరిలో ఒకరోజు నేను పొయ్యి దగ్గర కూర్చుని కాఫీ అడిగాను. సగం మాట వచ్చి సగం రాలేదు. ఆవిడ గ్లాసు నా చేతికిచ్చి, "ఏమండీ, ఇది ఘాటు కాదు," అంది.

నాకూ తెలుసు. ఇందాక టీకొట్టు దగ్గర కూర్చోబెట్టిన డ్రైవరు గురించి ఒక మాట చెప్పాలి. ఏళ్ల తరబడి ఒకే బస్సులో తిరిగాం, ఒకే కట్టలోంచి బీడీలు తాగాం. ఆయన గొంతు ఇలాగే బొంగురుపోయింది. ఆయన కూడా దుమ్మనే అన్నాడు. చూపించుకునేసరికి ఆలస్యమైంది. ఆయన పోయేముందు వెళ్లి చూస్తే నాతో చేతిసైగలతో మాట్లాడాడు. బస్సు నడిపే మనిషికి మాటలతో పని తక్కువ, సైగలు బాగానే వచ్చాయి. నేనలా కాదే. మాట తీసేస్తే నాలో ఏం మిగులుతుంది? పోయే సంగతి తర్వాత, ముందు మాట పోతుందేమోనన్నదే నా భయం. ఆ భయాన్ని బొంగురుగొంతు కింద దాచుకుని తిరిగాను.

కోత పండుగతో అది బయటపడింది. కొత్తకాయ కల్లాల్లో పరిచి ఊరంతా ఎర్రగా ఉన్న రోజులు. గుడి ముందు పందిరి కింద కొత్త మిరపకాయల బుట్టలు, పత్తి మూట, కొబ్బరికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ప్రతి ఏడూ పెద్ద పుంజుని చంకలో పెట్టుకుని, "ఈ పుంజు ముత్తాత పేతురు చెవిలో కూసిన పుంజుకి మేనమామ! కొన్నవాళ్ల ఇంట్లో అబద్ధం ఆడితే ఇది ఊరుకోదు!" అని మొదలుపెడతాను. జనం దానికోసమే ఎదురుచూస్తారు. ఈసారి పుంజుని ఎత్తి నోరు తెరిచాను. గాలి వచ్చింది. ఒట్టి గాలి. జనం పగలబడి నవ్వారు, ఇదేదో కొత్త వేషం అనుకున్నారు. రెండోసారీ గాలే వచ్చింది. ఈసారి పుంజే కూసింది. నవ్వులు ఇంకా పెరిగాయి. నవ్వనిది ఇద్దరే. మా ఆవిడ, మా బావ. బావ గబగబా వచ్చి నా చేతిలోంచి పుంజుని తీసుకుని, "మా బావకి ఇవాళ పుంజు పోటీ వచ్చింది, పాట నేను పాడతా," అని అందుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే మా ఆవిడ, "రేపు గుంటూరు వెళ్తున్నాం," అంది. నేనేదో అనబోయాను. "మాట్లాడకండి," అంది.

బ్రాడీపేటలో గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాం. చిన్నపిల్ల, మా మనవరాలి ఈడు ఉంటుంది. ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, ఎదురుగా టీవీలో నా గొంతు నాకే చూపించింది. ఇన్నేళ్లు ఇంత గొప్ప చెప్పుకున్న గొంతు ఇదా! తెల్లటి రెండు చిన్న తలుపులు. ఒక తలుపు అంచున బుడిపె. గుమ్మడికాయంత ఉంది. టీవీలో. మామూలుగా అయితే మిరపగింజకంటే కాస్త పెద్దదట.

"పొగ తాగుతారాండీ?"

"మానేసి చాలా కాలమైందమ్మా," అన్నాను.

"పోయిన వారం," అంది మా ఆవిడ.

డాక్టరమ్మ నవ్వలేదు. తీసెయ్యాలి, తీసిన ముక్కను పరీక్షకి పంపాలి, అది వచ్చాకే ఏ మాటైనా చెప్పగలను అంది. మా ఆవిడ తనకు తెలిసిన పద్ధతిలో అడిగింది: "అంటే మేలుకాయో తాలుకాయో అప్పుడే తెలుస్తుందా అమ్మా?" కల్లంలో ఆడవాళ్లు ఎర్రటి మంచికాయను ఒక పక్కకి, తెల్లబారిన తాలును ఒక పక్కకి ఏరతారు. డాక్టరమ్మదీ ఈ జిల్లానే. "అంతేనమ్మా, ఏరాలి," అంది.

తిరిగొచ్చి ఆ వారం, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం ఆరాధనలో కూర్చున్నాను. నువ్వు మట్టివి, మళ్లీ మట్టిలోకే పోతావు అనే మాట ఏటేటా వింటాను. ఏటేటా అది పక్కవాడి గురించి అనిపించేది. ఈసారి అయ్యగారు నా పేరు పెట్టి పిలిచినట్టే ఉంది.

శ్రమకాలం సగం దాటాక ఆపరేషను అయింది. ఊళ్లో మాత్రం ఒంగోలులో చుట్టాలింటికి వెళ్తున్నామని చెప్పాం. మావాళ్లు మంచివాళ్లే, కానీ పరీక్షకి పంపారంటే చాలు, ఫలితం వచ్చేలోపు నా సమాధికి సున్నం కూడా కొట్టేస్తారు. మత్తు దిగాక డాక్టరమ్మ వచ్చి ఆజ్ఞ ఇచ్చింది. "నేను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు, అది అరుపుకంటే చెడ్డది." నేను తలూపాను. మా ఆవిడ, "ఇంకోసారి చెప్పమ్మా," అంది. సరిగ్గా అర్థంకాక కాదు. వినడానికి బాగుండి.

ఆసుపత్రి బయట పుస్తకాల కొట్లో పలకా బలపం కొంది.

"మనవడికా అమ్మా?" అన్నాడు కొట్టువాడు.

"మొగుడికి."

జెకర్యా కూడా పలక తెప్పించుకునే బిడ్డ పేరు రాశాడని గుర్తొచ్చింది. ఆయన రాసింది ప్రవక్త పేరు. నేను రాసిన మొదటి మాట "పచ్చడి వద్దు, మజ్జిగ". పలకతో పాటు ఇంకో సాధనం కూడా తీశాను. నా పాత కండక్టరు విజిలు. ఒకటి ఊదితే ఆపు. రెండు ఊదితే రైట్, పోనీ. ఇంట్లో ఈ రెండింటితో దాదాపు అన్ని పనులూ అయిపోయాయి. కాపురం చెయ్యడానికి ఇంతకంటే ఎక్కువ మాటలు ఎందుకు వాడామో ఇన్నేళ్లూ తెలియలేదు.

ఆ ఆదివారమే అసలు పొరపాటు జరిగింది. మా వైపు శ్రమకాలంలో ఒక్కొక్కరు ఒక్కొక్కటి వదులుతారు. ఒకరు మాంసం, ఒకరు చుట్ట, ఆడవాళ్లు పూలు. మా బావ ప్రతి ఏడూ టీ వదిలి, రెండో పూటకి ఆ వదలడాన్నే వదిలేస్తాడు. అయ్యగారు వాక్యం చదవమని పుస్తకం నా ముందుకు జరిపారు. నేను నోటి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపి, ఇక పైవాడి దయ అన్నట్టు ఆకాశం వైపు చూపించాను. అయ్యగారి కళ్లు చెమర్చాయి. వేదిక ఎక్కి, "మన కండక్టరుగారు దేవుని ఎదుట మౌన ఉపవాసం పట్టారు. ఈయన మాట్లాడకుండా ఉండటం అంటే మనం అన్నం మానేయడం కంటే పెద్ద త్యాగం," అన్నారు.

కాదని రాయొచ్చు. బలపం ఇరిగిపోయి ఉంది కాబట్టి రాయలేకపోయాను.

బలపం బాగానే ఉంది. జేబులోనే ఉంది.

అప్పట్నుంచి సాయంత్రాలు కల్లాల మీద పని దిగినవాళ్లు, చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్లు. ముందు ప్రార్థన కోసమని తల వంచేవాళ్లు. నేను చెయ్యి పెట్టేవాణ్ని. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టేవాళ్లు. ఇంటి గొడవలు, పిల్లల చదువులు, నిద్ర పట్టకపోవడం. నేను తలూపేవాణ్ని. ఇంతకుముందు వాళ్లెవరూ నాకివి చెప్పలేదు. ఎలా చెబుతారు? ఎవరైనా మోకాలు నొప్పి అంటే, వాళ్లు రెండో మాట అనేలోపు నా మోకాలితో నేను శ్రీశైలం కొండెక్కిన కథ వచ్చి మీద పడేది. నేనెక్కలేదు, బస్సు ఎక్కింది. అయినా కథ మాత్రం వాళ్ల నొప్పిని తొక్కేసి వెళ్లిపోయేది.

నా పుణ్యం ఊరు దాటుతున్న కొద్దీ నాకు లోపల చలిగా ఉండేది. వాళ్లంతా నన్ను దేవుడితో మాట్లాడుతున్నాడనుకుంటున్నారు. నేనేమో ల్యాబులో ఎవరో గాజుపలక మీద నన్ను ఏరుతున్నారని ఆలోచిస్తున్నాను.

ఒక సాయంత్రం మా బావ వచ్చాడు. వాడు తల వంచలేదు.

"ఒరేయ్ బావా, పెళ్లిరోజున నువ్వు ఏడ్చావని ఊరంతా చెప్పనా?"

నేను పళ్లు బిగబట్టాను. ఏడ్చింది వాడు, చెల్లెల్ని పంపుతూ.

"పోనీ, చిన్నప్పుడు కబడ్డీలో నన్ను పట్టలేక పడిపోయింది నువ్వేనని ఒప్పుకుంటున్నావన్నమాట."

విజిలు తీసి ఒక్కసారి గట్టిగా ఊదాను. ఆపు. వాడు ఆగాడు. కండువా అంచు వేలికి చుట్టుకుంటూ, "అదికాదురా. నీ కేకలు లేక ఊరు బోసిపోయింది. అబద్ధాలైనా సరే, చెప్పేవాడు ఉండాలి," అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడటం మా ఆనవాయితీ. ఐదో మాట, దాహమన్న మాట, ఎన్నో ఏళ్లుగా నాది. ఎడారి, ఎండ, ఎండిన నాలుక అన్నీ వర్ణించి నా సమయం దాటేసి, ఆరో మాటవాడి సమయంలో కూడా సగం తాగేసేవాణ్ని. ఈసారి అయ్యగారు ముందే చెప్పారు: "మీరు మాట్లాడొద్దండీ. ఆ సమయమంతా ఊరికే నిలబడండి, చాలు. విచారణలో హేరోదు రాజు ముందు ప్రభువు నిలబడలేదూ?"

నిలబడ్డాను. ఫ్యాన్లు ఆగిపోయాయి, రేకుల కప్పు కాలుతోంది. హేరోదు ఎన్ని అడిగినా ప్రభువు ఒక్క జవాబూ ఇవ్వలేదు. ఆయన మాట్లాడగలిగీ ఊరుకున్నాడు. నా సంగతి వేరు. రిపోర్టు మర్నాడు వస్తుంది. నా ముందు డ్రైవరు చేతులు కదులుతున్నాయి. నోట్లో తడి లేదు. అన్ని ఏళ్లు దాహం గురించి అంత వర్ణించానే, దాహం అంటే భయమని నాకు తెలియదు. ప్రసంగీకుల కోసం పెట్టిన నీళ్లగ్లాసు నా పక్కనే ఉంది. ఆ మాట మీద నిలబడి నీళ్లెలా తాగను? గుళ్లో ముక్కులు చీదుతున్నారు. నా మౌనం చూసి ఏడుస్తున్నారు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ లేచింది. చాపలు దాటుకుంటూ వచ్చి, గ్లాసు తీసి నా నోటికి పెట్టి, "తాగండి," అంది. తాగాను. ఆ చేతిగాజులు గ్లాసుకి తగిలి చప్పుడైంది. ఆవిడకీ అంతే భయమని అప్పుడు తెలిసింది.

శనివారం గురించి సువార్తలు దాదాపు ఏమీ చెప్పవు. ఆయన సమాధిలో ఉన్నాడు, ఆడవాళ్లు విశ్రాంతిదినపు ఆజ్ఞ ప్రకారం తీరికగా ఉన్నారు, అంతే. ఆ ఒక్క రోజును ఎందుకలా వదిలేశారా అనుకునేవాణ్ని. గుంటూరు బస్సులో కూర్చున్నాక అర్థమైంది. చెప్పడానికేం ఉంటుంది? పొలాలు వెనక్కి పోతుంటాయి, పక్కన మనిషి కూర్చుని ఉంటుంది, ఎవరూ మాట్లాడరు.

డాక్టరమ్మ కవరు విప్పింది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ చదివి, తలెత్తి, ఈసారి నవ్వింది.

"తాలు కాదమ్మా. మేలుకాయే. మామూలు బుడిపె, చెడ్డది కాదు."

మా ఆవిడ మళ్లీ చెప్పమంది. ఈసారి కూడా వినడానికి బాగుండే.

"ఇక మాట్లాడొచ్చండీ. కొద్దికొద్దిగా, మెల్లగా. అరవడం మాత్రం ఇక ఎప్పుడూ వద్దు, బీడీ అసలే వద్దు. ఏదీ, ఏమైనా అనండి."

జెకర్యాకి నోరు తెరుచుకోగానే పెద్ద స్తుతికీర్తన వచ్చింది. నాకు కూడా స్తోత్రమే వచ్చిందని ఇక్కడ రాసుకుంటే బాగుండేది. నోరు తెరిచాను. చాలాకాలం వాడని తలుపులా కిర్రుమంటూ ఒక మాట వచ్చింది.

"రైట్."

ఆగి, ఇంకోసారి అన్నాను. "రైట్."

మా ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ ఏడ్చింది. బయటికొచ్చి బండి దగ్గర చెరుకురసం తాగాం. ఇంకో గ్లాసు కూడా తాగాం. ఆటోలు, స్కూటర్లు, కోచింగు పిల్లలు, బ్రాడీపేటంతా హారన్లు కొడుతోంది. అంత మంచి గోల నేనెప్పుడూ వినలేదు. తిరుగు బస్సులో కుర్రాడొకడు కండక్టరు. "పేట, పేట" అని తలుపు దగ్గర అరుస్తున్నాడు. నేర్పిద్దామని లేవబోయాను. ఆవిడ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "రేపటికి దాచుకోండి. రేపు మీకు పనుంది."

పని రెండు రకాలని ఇద్దరికీ తెలుసు.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్లాం. సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు, బంతిపూలు. కల్లాల వైపు నుంచి మిరప వాసన. తూర్పు అప్పుడే తెల్లబడుతోంది. అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు.

"కండక్టరుగారూ, మీ ఉపవాసం ముగించే వేళయింది. కేక వెయ్యండి."

"అయ్యగారూ," అన్నాను. నా గొంతు అంత చిన్నగా ఉందని జనమంతా దగ్గరికి జరిగారు. "నాది ఉపవాసం కాదండీ. గొంతులో బుడిపె. గుంటూరులో కోయించుకున్నాను. డాక్టరు మాట్లాడొద్దంది. అది చెడ్డదేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు. నిన్న తెలిసింది, ఏమీ లేదని. మీరు ఉపవాసమంటే, బాగుంది కదా అని ఊరుకున్నాను."

మా బావే ముందు మాట్లాడాడు.

"నాకు ఎప్పుడో తెలుసురా. నీ నోరు మూయించాలంటే డాక్టరైనా ఉండాలి, దేవుడైనా ఉండాలి." తర్వాత గొంతు మార్చి, "నాకైనా చెప్పకూడదా బావా," అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి తియ్యలేదు.

అయ్యగారు నుదురు కొట్టుకున్నారు. "మరి నేను నాలుగు ఊళ్లలో మీ మీద ప్రసంగం చేశానే!"

"కొంచెం తగ్గించి చెప్పండయ్యా. నేనెప్పుడూ చేసేది అదే."

ముందు మా బావ నవ్వాడు, తర్వాత అయ్యగారు, తర్వాత తోటంతా. సమాధుల మధ్య అంత నవ్వు మా ఊరు ఎరగదు. నవ్వులు ఆగాక ఎవరో అడిగారు, మరి కేక ఎవరేస్తారని. డాక్టరు అరవద్దంది కదా. మా బావ గొంతు సవరించుకోవడం వినపడింది.

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆ మొదటి ఉదయాన సమాధి దగ్గరికి ముందు వెళ్లింది ఆడవాళ్లే. వచ్చి చెబితే మగవాళ్లు ఒట్టి మాటలని కొట్టేశారు. అంత స్పష్టంగా రాసి ఉంటే, ఇన్నేళ్లు ఆ కేక నాదేనని నేనెలా అనుకున్నాను? జేబులోంచి విజిలు తీసి, ఆవిడ వైపు చూపిస్తూ రెండుసార్లు ఊదాను.

"నేనా?" అంది.

మళ్లీ రెండు ఊదాను. ఆవిడ కొంగు నడుముకి దోపుకుంది. చేనుకి ఆ చివర కాయ కోస్తున్నవాళ్లను అన్నానికి పిలిచే గొంతు అది. తూర్పుకి తిరిగి, "క్రీస్తు లేచెను!" అంది.

ఆ కేకకి అమరావతి దగ్గర కృష్ణ మీద వాలిన కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. కొంగలు కాదు. తోట పక్క తుమ్మచెట్టు మీద రెండు కాకులు లేచాయి.

జనంతో పాటు నేనూ నోరు తెరిచాను. ఇన్నేళ్లలో ఆ జవాబు చెప్పడం నాకదే మొదటిసారి. ఎప్పుడూ కేక వేసేసి, అందరూ జవాబిస్తుంటే ఎంత దూరం వినపడిందోనని చూస్తూ నిలబడేవాణ్ని. ఇప్పుడు అందరి గొంతుల కింద, మా బావ పక్కన, ఎవరికీ వినపడనంత మెల్లగా, "నిజముగా లేచెను," అన్నాను.

ఇందులో మాత్రం తగ్గించాల్సిందేమీ లేదు.